నలభై సెకన్ల బదులు

మార్చి 6. మంచు మైనస్ ఐదున్నర. బయట నలభై ఒకటి.

తెల్లవారి ఐదింటికి కంప్రెసర్లు చూశాను. రెండోది మళ్ళీ గరగరమంటోంది. నేల కింద గొట్టాల్లో ఉప్పునీళ్ళు సరిగానే తిరుగుతున్నాయి. తూర్పు గోల్ దగ్గర మంచు కొంచెం లేచింది. గీకి, వేడినీళ్ళు పోసి, బండితో రెండుసార్లు నున్న చేశాను.

ఈ లెక్కలన్నీ టాబ్లెట్‌లో కొట్టాలని లీగు ఉత్తర్వు. కొడుతున్నాను. కానీ ఇక్కడి తేమకి టాబ్లెట్లు నెలకొకటి చచ్చిపోతున్నాయి. అందుకే ఈ కాయితం పుస్తకంలో కూడా రాసుకుంటాను. పేరు మైలపల్లి నూకరత్నం, పని విశాఖ మంచు చావిడిలో మంచు మేస్త్రి. ఇది ఒకప్పుడు రొయ్యల కోల్డ్ స్టోరేజీ. అప్పుడూ ఇక్కడే పనిచేశాను. రొయ్యల్ని గడ్డకట్టించిన చేతులతోనే ఇప్పుడు హాకీ ఆటగాళ్ళకి నేల గడ్డకట్టిస్తున్నాను.

పదకొండున్నరకి వేడి సైరన్ మోగింది. వార్డు జనం గొడుగుల కింద పరుగులాంటి నడకతో వచ్చి మెట్ల మీద సర్దుకున్నారు. ఎండ దిగేదాకా ఇక్కడే ఉంటారు. పిల్లల చదువులు, ముసలివాళ్ళ కునుకులు, ఉల్లిపాయలు తరగడాలు అన్నీ ఇక్కడే. లీగు ఆటలు ఆడుతుంది కాబట్టి మంచు ఉంది. మంచు ఉంది కాబట్టి వీళ్ళకి నీడ ఉంది.

"రత్నం, ఇయాల చలి కాస్త ఎక్కువెట్టీసినావేటి?" అంది కాసులమ్మ, దుప్పటి మెడదాకా లాక్కుంటూ. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. వేడికి ఊపిరాడదు.

"రోజూ పెట్టిందేనమ్మా," అన్నాను.

"ఎక్కువే ఎట్టు. బాగుంది," అని కళ్ళు మూసుకుంది.

మార్చి 11. మంచు మైనస్ ఐదున్నర. బయట నలభై రెండు.

నిన్న బెజవాడతో ఆట. రెండో భాగంలో వాళ్ళ ఆటగాడొకడు మన భానోజీని మోకాలి వెనక కర్రతో కొట్టాడు. భానోజీ మన జట్టులో అందరికంటే పొట్టివాడు, అందరికంటే బాగా గోల్స్ కొట్టేవాడు. అందుకే దెబ్బలన్నీ అతనికే. రిఫరీ అటు చూడలేదు. ధర్మకాటా చూసింది.

పైకప్పు నిండా కెమెరాలతో ఉండే యంత్రానికి జనం పెట్టిన పేరది. ప్రతి దెబ్బనీ తూచి, హద్దు దాటితే ఎర్ర దీపం వెలిగిస్తుంది. అప్పుడు దెబ్బతిన్న జట్టు వస్తాదుకీ, కొట్టిన వాడికీ మధ్య నలభై సెకన్ల బదులు. కర్రలు, చేతి తొడుగులు, హెల్మెట్లు తీసెయ్యాలి. మొహాలు కనపడాలని లీగు కోరిక. వట్టి పిడికిళ్ళతో కొట్టుకోవాలి. బూర మోగగానే విడిపోవాలి, ఆట మళ్ళీ మొదలవుతుంది.

విశాఖ వస్తాదు మా మరిది ఎల్లాజీ. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఎల్లాజీ ఆయన తమ్ముడు, ముప్పై ఆరేళ్ళవాడు, మా ఇంట్లోనే ఉంటాడు. వస్తాదు గోల్స్ కొట్టడు. మనవాణ్ణి ఎవడైనా అన్యాయంగా కొడితే తిరిగి కొడతాడు. అతని ఉద్యోగమే అది.

పదిహేను సెకన్లలో ముగించాడు. బెజవాడవాడి ముక్కు పగిలింది. మంచులో ఇంకిన నెత్తురు కడిగితే పోదు. ఉలితో ఆ మేరకి చెక్కి తీసి, గుంటలో గిన్నెతో చన్నీళ్ళు పోసి, గడ్డకట్టాక గీకాలి. నాలుగు చోట్ల చెక్కాను.

ఆట అయ్యాక ఎల్లాజీ కంప్రెసర్ల గదికి వచ్చి, గీకిన మంచు ఉన్న బకెట్‌లో ఎడమచెయ్యి ముంచి కూర్చున్నాడు.

"అంత గట్టిగా కొట్టాలేటి? ఆడింకా కుర్రోడు," అన్నాను.

"గట్టిగా కొడితే ఒకపాలి కొడితే సాలు వదినా. మెత్తగా కొట్టేవనుకో, రేపు మల్లీ భానోజీనే కొడతారు."

"ముక్కు సితికిపోయింది."

"కొర్లయ్య కన్ను మర్సిపోనావేటి?"

మరిచిపోలేదు. ఇదివరకు మూడేళ్ళపాటు లీగు కొట్లాటలు పూర్తిగా ఆపేసింది. పిడికిలి ఎత్తితే ఏడాది వెలి. పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. ఆ మూడేళ్ళలో పిడికిళ్ళు తగ్గి కర్రలు పెరిగాయి. కొడితే తిరిగి కొట్టేవాడు లేడని అందరికీ తెలిసిపోయింది. మన గోలీ కొర్లయ్యని కర్ర కొసతో కంట్లో పొడిచారు. పొడిచినవాడికి రెండు నిమిషాల శిక్ష. ఆ రోజు మంచు మీద నేను ఏరినవి నాలుగు పళ్ళు. కన్ను ఎలాగూ ఏరలేం. బదులు మళ్ళీ తెమ్మని లీగుకి అర్జీ పెట్టినప్పుడు ఆటగాళ్ళ సంతకాల కింద నా సంతకమూ ఉంది.

బకెట్‌లో ఇంకొంచెం మంచు వేశాను.

మార్చి 20. మంచు మైనస్ ఐదున్నర. బయట నలభై మూడు.

లీగు కార్యదర్శి ప్రభంజన్ గారు ఫోన్ చేశారు. ఇరవై ఎనిమిదిన ఫైనల్. మనమూ ఓరుగల్లూ.

"నూకరత్నం గారూ, ఫైనల్‌కి మంచు మైనస్ ఏడున్నరకి దించాలండి. వేగం కనపడాలి. ప్రసారం వాళ్ళ కోరిక."

"అంత చల్లారిస్తే రాయిలా అయిపోద్దండి. పెచ్చులు లేస్తాయి."

"ఒక్క రోజే కదా. ఉత్తర్వు టాబ్లెట్‌లో పంపిస్తాను."

పంపించారు. ఇందులో కూడా రాసి పెడుతున్నాను: లీగు ఉత్తర్వు, మైనస్ ఏడున్నర, మార్చి ఇరవై, ఉదయం పది ఇరవై. నాకు ఇష్టం లేదని చెప్పాను.

మార్చి 28. మంచు మైనస్ ఏడున్నర. బయట నలభై మూడు.

ఏమీ రాయలేను.

మార్చి 30.

రాయాలి. రాయకపోతే ఇంకొకరు రాస్తారు.

మూడో భాగం, పదకొండో నిమిషం. పక్, అదే ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ, మూలకి వెళ్ళింది. భానోజీ దాని వెనక, ఓరుగల్లు డిఫెన్సు కుర్రాడు జక్కుల సమ్మయ్య భానోజీ వెనక. ఇరవై మూడేళ్ళవాడు. నేను బండి తలుపు దగ్గర ఉన్నాను, ఆ మూలకి పది అడుగుల దూరం. సమ్మయ్య ఆగబోయాడు. అతని స్కేటు ఒక పెచ్చులో చిక్కుకుంది. ఆ ఊపులో భానోజీ వీపు మీద పడ్డాడు. భానోజీ మొహం గోడ అద్దానికి కొట్టుకుంది. పడిపోయి లేవలేదు.

దీపం వెలిగింది. ధర్మకాటా దెబ్బ బరువు తూస్తుంది. కావాలని కొట్టాడా, కాలు జారాడా అన్నది దాని పని కాదు.

సమ్మయ్య వస్తాదు కాడు. ఎప్పుడూ కొట్లాడినవాడు కాడు. కాదనొచ్చు. కాదంటే జట్టులో మనిషి తగ్గుతాడు, ఫైనల్ పోతుంది, పిరికివాడన్న పేరు వస్తుంది. వాళ్ళ బెంచీకేసి చూశాడు. అక్కడ ఎవరూ అతనికేసి చూడలేదు. హెల్మెట్ తీసి మంచు మీద పెట్టాడు, జాగ్రత్తగా, ఇంట్లో చెంబు పెట్టినట్టు. ఎల్లాజీ దగ్గరికి వస్తూ, "అన్నా, నేను కావాలని జెయ్యలే," అన్నాడు. నాకు వినపడింది. ఎల్లాజీకి వినపడిందో లేదో అడగలేదు.

ఎల్లాజీ కుడిచేత్తో చొక్కా పట్టుకుని ఎడమచేత్తో రెండు కొట్టాడు. మూడో దెబ్బ దవడ కింద తగిలింది. కుర్రాడి కాళ్ళు రెండూ ఒకేసారి లేచాయి. వెల్లకిలా పడ్డాడు. తల వెనకభాగం మంచుకి తగిలిన చప్పుడు మెట్ల మీద చివరి వరస దాకా వినపడిందంటారు. పదిహేడు సెకన్లయింది. మిగిలిన ఇరవై మూడు సెకన్లూ గడియారం తిరుగుతూనే ఉంది. ఎవరూ దాన్ని ఆపలేదు. ఎల్లాజీ మోకాళ్ళ మీద కూర్చుని ఆ తల కింద తన తొడుగు పెడుతున్నాడు. అప్పుడు బూర మోగింది.

సమ్మయ్య నిన్న మధ్యాహ్నం ఆసుపత్రిలో పోయాడు.

భానోజీ బాగున్నాడు. రెండు పళ్ళు కదిలాయి, అంతే.

ఏప్రిల్ 4. మంచు మైనస్ ఐదున్నర. బయట నలభై నాలుగు.

ప్రభంజన్ గారు స్వయంగా వచ్చారు. కంప్రెసర్ల గదిలో కూర్చోడానికి కుర్చీ లేదు, డబ్బా మీద కూర్చున్నారు. మంచి మనిషే. చెమట తుడుచుకుంటూ, నా ఆరోగ్యం అడిగి, తరవాత ఒక కాయితం తీశారు.

అందులో ఉన్నది ఇది: ఫైనల్ రోజున ఉద్యోగి పొరపాటు వల్ల మంచు ఉండవలసిన దానికంటే రెండు డిగ్రీలు ఎక్కువ చల్లబడి గట్టిపడింది. దుర్ఘటనకి అదే కారణం.

"రెండు డిగ్రీలు తమరే దించమన్నారు కదండీ," అన్నాను.

"టాబ్లెట్‌లో ఆ ఉత్తర్వు ఇప్పుడు కనపడదండి."

ఆయన డబ్బాని నా వైపుకి జరుపుకున్నారు.

"చూడండి నూకరత్నం గారూ. ఒక కుర్రాడు పోయాడు. ఎవరో ఒకరు కారణం చెప్పాలి. దెబ్బ అంటే ఎల్లాజీ మీద హత్య కేసు. బదులు అంటే లీగే ఉండదు. లీగు లేకపోతే ఈ చావిడికి కరెంటు ఎవరు కడతారు? మే నెలలో ఈ జనాన్ని ఎక్కడ పెడతారు? మంచు అన్నామనుకోండి, అది ప్రమాదం. మీ ఉద్యోగం తియ్యం. మీ మరిది ఆడుకుంటాడు. ఎవరికీ నష్టం లేదు."

"తలకాయకి రెండు డిగ్రీల తేడా తెలుస్తుందాండీ?"

ఆయన కలం తీసి ఇచ్చారు.

బయట మెట్ల మీద పిల్లలు ఎక్కం అప్పజెబుతున్నారు. కాసులమ్మ దగ్గు వినపడుతోంది. సంతకం పెట్టాను. పూర్తి పేరు రాశాను, ఇంటిపేరుతో సహా.

ఏప్రిల్ 9. మంచు మైనస్ నాలుగు, కొత్త ఉత్తర్వు. బయట నలభై ఐదు.

మెత్తటి మంచు మీద సాధన ఆటల్లో ఆటగాళ్ళు బురదలో నడిచినట్టు ఆడుతున్నారు. అందరూ నన్నే తిట్టుకుంటున్నారు.

పేపర్లో నా పేరు వచ్చింది. ఎల్లాజీ చదివాడు. ఫైనల్ తరవాత పది రోజులు అన్నం సరిగా తినలేదు, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చునేవాడు. ఇవాళ మూడుసార్లు చారు పోయించుకున్నాడు.

"మంచేనన్నమాట వదినా," అన్నాడు.

నేను గిన్నెలు సర్దుతున్నాను.

"నాను రోజూ అనుకున్నాను, ఆ మూడోది కొట్టకుండా ఉండాల్సిందని. మంచు బాగుంటే లేచీసేవోడు గదా? మొన్న బెజవాడోడు లేచీసినాడు గదా?"

"తిను," అన్నాను.

"నిన్నేటనటం లేదు. ఎవులికైనా పొరపాటు జరుగుద్ది. నీ మీదెవులైనా మాటంటే నాకు సెప్పు."

నన్ను క్షమించాడు. మజ్జిగ కూడా పోయించుకున్నాడు.

ఏప్రిల్ 17. మంచు మైనస్ నాలుగు. బయట నలభై ఆరు.

సైరన్ మోగాక వచ్చే జనంలో ఇవాళ ఒక కొత్త మనిషి ఉంది. నలభై ఏళ్ళుంటాయి, బస్సు డ్రైవర్ల ఖాకీ చొక్కా వేసుకుంది. అందరూ చోటు వెతుక్కుంటుంటే ఆమె నేరుగా గోడ దగ్గరికి వచ్చి, అద్దంలోంచి మంచుకేసి చూస్తూ నిలబడింది. నీళ్ళిచ్చాను. తాగి, గ్లాసు తిరిగి ఇచ్చింది.

"నూకరత్నమంటే మీరేనా?"

"అవును."

"నేను సమ్మయ్య అక్కను. సారక్క."

చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"తిట్టనీకి రాలె," అంది. "మంచు చేసేటామె తప్పని పేపర్ల రాసిన్రు. గామె ఎట్లుంటదో సూద్దామని బస్సెక్కి వచ్చిన. ఏడ వడ్డడు? జర సూపిస్తరా?"

బండి తలుపు తెరిచి తీసుకెళ్ళాను. నా రబ్బరు బూట్లు ఆమెకిచ్చి నేను గోనెపట్టా మీద నడిచాను. మూల నుంచి పన్నెండు అడుగులు. అక్కడ చెక్కిందీ నింపిందీ నేనే కాబట్టి నాకు చోటు తెలుసు. ఇంకెవరికీ తెలియదు, అంత నున్నగా ఉంది. ఆమె కూర్చుని అరచెయ్యి మంచు మీద ఆనించింది. వేళ్ళు ఎర్రబడేదాకా తియ్యలేదు.

"ఎంత ఎక్కువైంది సలి?"

"రెండు డిగ్రీలు."

"రెండు డిగ్రీలకే సచ్చిపోయిండా మా తమ్ముడు?"

ఆమె వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. మంచు గురించి తెలిసిన మనిషిని నేనే కదా. నలభై ఆరు డిగ్రీల ఎండలో, మూడుచోట్ల బస్సు మారి, నన్ను అడగడానికే వచ్చింది.

"కాదు," అన్నాను. "ఏ మంచు మీద పడ్డా పోయేవోడే. తలకి హెల్మెట్ నేదు. మా మరిది సెయ్యి బరువు. ఆ రెండు డిగ్రీలు కూడా నేను దించలేదమ్మా, దించమన్నారు."

"మరి సంతకం వెట్టిన్రు?"

మెట్లకేసి చూపించాను. కాసులమ్మ, పిల్లలు, ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్ళు. సారక్క వాళ్ళందర్నీ చాలాసేపు చూసింది.

"వీళ్ళు మంచోళ్ళే," అంది. "నేనేం జెయ్యాలె చెప్పుండ్రి. మా తమ్ముడు కావాలని ఆ పిలగాన్ని కొట్టిండనే లోకమంత అంటున్నది. సచ్చినంక గూడ వానికి గదే పేరు. మా ఇంటి ముందల నుంచి పోతూ అంటున్నరు, కొట్టినోడు కొట్టించుకున్నడని."

స్కేటు పెచ్చులో చిక్కుకున్న సంగతి చెప్పాను. అతను అన్న మాట కూడా చెప్పాను. ఆమె నోరు కొంగుతో మూసుకోబోయింది. ఖాకీ చొక్కాకి కొంగు లేదు. చేత్తోనే మూసుకుంది.

ఇంతవరకు రాసి, ఈ పుస్తకం ఆమెకి ఇచ్చేస్తున్నాను. బయట ఎండ దిగేదాకా కూర్చోమన్నాను. కూర్చుంది.

మే 2. కొత్త పుస్తకం. మంచు మైనస్ నాలుగు. బయట నలభై ఏడు.

పాత పుస్తకంలో పేజీలు ఓరుగల్లు పేపర్లో ఫొటోలతో సహా అచ్చయ్యాయి. ప్రభంజన్ గారు ఫోన్ చేసి, "ఇలా చేస్తారనుకోలేదండి," అని మాత్రం అన్నారు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

పోలీసులు ఎల్లాజీని రెండు రోజులు ఉంచుకుని పంపేశారు. ఆట నియమం ప్రకారం, ఇద్దరి ఒప్పుదలతో జరిగింది కాబట్టి కేసు నిలవదని కోర్టులో తేలింది. లీగు మాత్రం అతన్ని జీవితాంతం వెలివేసింది. అతని చేత కొట్టించిన నియమానికి ఏమీ కాలేదు. ఒక్క మాట చేర్చారు: బదులు సమయంలో హెల్మెట్ తియ్యరాదు. సమ్మయ్య పేరు మాత్రం తేటపడింది. కావాలని చెయ్యలేదని లీగే ఉత్తరం రాసి సారక్కకి పంపింది.

ఎల్లాజీ ఇంటికి వచ్చి స్నానం చేశాడు. అన్నం పెట్టాను. కంచం ముందు కూర్చుని, ఎడమచెయ్యి బల్ల మీద పెట్టి, అది ఇంకెవరిదో అన్నట్టు పక్కకి తోశాడు.

"మంచు కాదన్నమాట," అన్నాడు.

"కాదు."

"ముందే సెప్పుంటే అప్పుడే ఏడిసీసుందును. మంచని నమ్మించి, మల్లీ నువ్వే తీసీసినావు. అబద్దమే ఉంచీవలసింది వదినా."

"ఆ పిల్లడి అక్క వచ్చింది ఎల్లాజీ. ఎదురుగా నిలబడి అడిగితే—"

"ఆయమ్మ ఒక్కపాలి వచ్చింది. నాను నీ ఇంట్లోనే ఉన్నాను గదా."

కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. మర్నాడు బట్టలు సర్దుకుని భీమిలి వెళ్ళి, ఎవరిదో బోటు మీద కూలికి చేరాడు. మా ఆయన పోయింది బోటు మీదే. ఆ సంగతి అతనికి నేను గుర్తు చెయ్యనక్కర్లేదు.

మే 9. మంచు లేదు.

లీగు విశాఖని వదిలేసింది. ఆరో తేదీ పొద్దున్న కంప్రెసర్లు నేనే ఆపాను. ఇంకొకరు ఆపితే వాల్వులు పాడు చేస్తారని. మూడు రోజులకి మంచంతా నీళ్ళయింది. గీతలకి వాడిన ఎరుపు, నీలం రంగులు కలిసిపోయి నేలంతా వంకాయ రంగు నీళ్ళు. చీపురుతో కాలవలోకి తోశాను. వేడి సైరన్ మోగితే జనం అలవాటుగా వచ్చారు. లోపల కంటే బయటే గాలి ఉందని కొందరు వెళ్ళిపోయారు. వార్డు ఆఫీసు వాళ్ళు రెండు పెద్ద ఫ్యాన్లు పంపించారు. అవి వేడిగాలిని ఇటు నుంచి అటు తోస్తున్నాయి.

మే 27. బయట నలభై తొమ్మిది.

కాసులమ్మ పోయింది. మధ్యాహ్నం రెండింటికి, తన ఇంట్లో, తడిగుడ్డ కప్పుకుని.

చూడడానికి వెళ్ళాను. ఆమె కోడలు తలుపు దగ్గర అడ్డం నిలబడింది. తిట్టలేదు. "సూసీసినావు గదా, ఎల్లిపో అమ్మా," అంది. వచ్చేశాను. ఏప్రిల్‌లో నేను నోరు మూసుకుని ఉంటే ఆమె ఇంకో వేసవి బతికేది. నిజం చెప్పినందుకు సారక్కకి తమ్ముడి పేరు దక్కింది. కాసులమ్మకి ఏం దక్కింది? ఈ లెక్క ఎటు నుంచి వేసినా నాకు తేలడం లేదు. ఇక రాయను.

ఆగస్టు 21.

కర్నూలు చావిడి నుంచి పిలుపు వచ్చింది. అక్కడి మంచు మేస్త్రి మానేశాడట. నా సంగతంతా వాళ్ళకి తెలుసు. "మీ పుస్తకంతో మాకు పేచీ లేదమ్మా, మంచు బాగా చేస్తారని విన్నాం," అన్నారు. నాకు వచ్చింది ఈ ఒక్క పని. వెళుతున్నాను. ఎల్లాజీకి కబురు పంపాను. జవాబు రాలేదు.

సెప్టెంబర్ 14. మంచు మైనస్ ఐదున్నర. బయట ముప్పై ఎనిమిది.

ఇక్కడి కంప్రెసర్లు మూడూ మంచివే. నేల చదునుగా ఉంది. మధ్యాహ్నాలు ఇక్కడి వార్డు జనం కూడా వచ్చి కూర్చుంటారు. ఇంకా ఎవరి పేర్లూ నేర్చుకోలేదు.

నిన్న ఇక్కడ నేను చూసిన మొదటి ఆట. బెజవాడ జట్టే ఎదురు. కర్నూలులో ఓబులేసని ఒక పొడుగాటి పిల్లాడున్నాడు. పందొమ్మిదేళ్ళు. నేను మంచు నున్న చేస్తుంటే రోజూ వచ్చి, "అక్కా, నేను కూడా ఒక చుట్టు తోల్తా, ఇయ్యక్కా," అని బండి అడుగుతాడు. రెండో భాగంలో బెజవాడవాడు ఒకడు పక్ వెళ్ళిపోయాక, ఆట అటు పోయాక, వెనక్కి తిరిగి వచ్చి మరీ ఓబులేసుని గొంతు మీద కర్రతో కొట్టాడు. జారడం కాదు. పెచ్చులు లేవు, మంచు నాది, నాకు తెలుసు. కుర్రాడు రెండు చేతులతో మెడ పట్టుకుని, ఊపిరి అందక చేపలా నోరు తెరిచాడు. కొట్టినవాడు నవ్వుకుంటూ వెళ్ళిపోతున్నాడు. రిఫరీ గోల్ దగ్గర ఉన్నాడు.

దీపం వెలగలేదు. ఒక క్షణం, రెండు క్షణాలు. నేను పైకి చూస్తున్నాను. బండి తలుపు చువ్వ రెండు చేతులతో పట్టుకున్నాను. వెలుగు, వెలుగు అంటున్నాను.

వెలిగింది.

కర్నూలు వస్తాదు వచ్చాడు. తొడుగులు పడేశాడు. హెల్మెట్లు ఉన్నాయి, కొత్త నియమం. మొదటి దెబ్బ పొట్టలో పడింది, రెండోది పక్కటెముకల మీద. బెజవాడవాడు మోకాళ్ళ మీద పడ్డాడు. సమ్మయ్య మొహం నాకు గుర్తు రాలేదు. ఇవాళ పొద్దున్న ఉలి పట్టుకుని కూర్చున్నాక వచ్చింది. అప్పుడు మాత్రం రాలేదు. అప్పుడు నాకు కనపడింది ఆ నవ్వినవాడి మెడ ఒక్కటే.

బూర మోగింది. ఇద్దర్నీ విడదీశారు. జనం అరుపులు సద్దుమణిగాయి. బండి తుడిచే చెన్నారెడ్డి నా భుజం పట్టుకుని, "అక్కా, అయిపోయినాది, ఊరుకో," అన్నాడు. అంత నిశ్శబ్దంలో ఒక ఆడగొంతు ఇంకా వినపడుతోంది.

"కొట్టు," అంటోంది. "ఇంకోటి కొట్టు."